కెప్టెన్ ఆడమనిషైతే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు రాస్తున్న నవలలో గురుగ్రహం దాటి వెళ్లే నౌకకు కెప్టెన్ ఒక స్త్రీ. ధైర్యం ఉంది, చదువు ఉంది, తుపాకీ కాల్చడం వచ్చు, ఎవరికీ లొంగదు. చదివిన మీ స్నేహితురాలు "మగవాడికి ఆడపేరు పెట్టినట్టుంది" అనేసింది. "అయితే ఏం చేయాలి, ఏడిపించాలా? పెళ్లి చేయాలా? సైన్స్ ఫిక్షన్‌లో ఆడపాత్రల్ని సరిగ్గా రాసినవాళ్లు ఎలా రాశారు?" అని అడిగారు.

కథల పోటీలకు వచ్చే సైన్స్ ఫిక్షన్ రాతప్రతులు చదవడం చాలా ఏళ్లుగా నా పనిలో భాగం. ఈ ఇబ్బంది వాటిలో పదేపదే ఎదురవుతుంది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. పాత్ర "బలంగా" ఉందా లేదా అని చూడటం మానేయండి. కథను మలుపు తిప్పే నిర్ణయం ఆమె చేతిలో ఉందా అని చూడండి. మీరు కట్టిన కొత్త లోకాన్ని ఆమె నిలబడ్డ చోటు నుంచి కూడా చూసి కట్టారా అని చూడండి. ఈ రెండూ ఉంటే ఆమె పిరికిదైనా, నోట్లో నాలుక లేనిదైనా పాఠకుడికి గుర్తుండిపోతుంది. ఇవి లేకపోతే ఎన్ని తుపాకులిచ్చినా లాభం లేదు.

ఈ సాహిత్యానికి మొదటి నవలగా చాలామంది లెక్కించే 'ఫ్రాంకెన్‌స్టైన్' దగ్గరే మొదలుపెడదాం. మేరీ షెల్లీ దాన్ని రాయడం మొదలుపెట్టినప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్లు. 1818లో అచ్చయినప్పుడు పుస్తకం మీద రచయిత పేరు లేదు. ముందుమాట ఆమె భర్త పెర్సీ రాశాడు, నవల కూడా ఆయనదేనని అనుకున్నవాళ్లు ఉన్నారు. పైపైన చూస్తే ఇందులో ఆడవాళ్లకు పెద్దగా పని లేదు. కథానాయకుడైన శాస్త్రవేత్త విక్టర్ కోసం ఎలిజబెత్ ఎదురుచూసి ఎదురుచూసి చనిపోతుంది. వాళ్లింట్లో పనిచేసే జస్టీన్ చేయని హత్యకు ఉరికంబం ఎక్కుతుంది. కానీ ఒక ఘట్టం మీరు తప్పకుండా చదవాలి. విక్టర్ తయారుచేసిన ప్రాణి తనకో తోడు కావాలంటుంది. ఆడప్రాణిని చేసి ఇస్తే ఇద్దరం దక్షిణ అమెరికా అడవులకు వెళ్లిపోతాం, మనుషుల జోలికి రాం అని మాట ఇస్తుంది. విక్టర్ సరేనని స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో ఒక గుడిసెలో పని మొదలుపెడతాడు. శరీరం చాలావరకు తయారయ్యాక, ఒక రాత్రి కూర్చుని ఆలోచనలో పడతాడు. మాట ఇచ్చింది వాడు, ఈమె ఇవ్వలేదు కదా? ఈమెకూ ఆలోచన ఉంటుంది. తాను పుట్టకముందే కుదిరిన ఒప్పందాన్ని ఒప్పుకోనంటే? వాడిని చూసి అసహ్యించుకుంటే? పిల్లల్ని కంటే? ఆ భయంతో, కిటికీ అవతల నుంచి మగప్రాణి చూస్తుండగానే, ఆ శరీరాన్ని ముక్కలు ముక్కలు చేసేస్తాడు.

ఆమె కళ్లు తెరవలేదు, ఒక్క మాట మాట్లాడలేదు. అయినా నవల మలుపు తిరిగింది, ఆమెకు సొంత నిర్ణయం ఉండవచ్చన్న ఊహ దగ్గరే. తర్వాత జరిగే చావులకు కారణం అదే. తయారుచేసిన ఆడది తయారుచేసినవాడి మాట వినకపోతే ఎలా అన్న భయం ఆ తర్వాత రెండువందల ఏళ్లు ఈ సాహిత్యాన్ని వదల్లేదు. 1927 నాటి 'మెట్రోపొలిస్' సినిమాలో యంత్రానికి మరియా అనే అమ్మాయి రూపం తొడిగి జనం మీదికి వదిలింది మొదలు, ఈనాటి సినిమాల్లో గాజుగదుల్లో పెట్టి పరీక్షించే ఆడ రోబోల దాకా ఆ భయం నడుస్తూనే ఉంది. మేరీ షెల్లీ దాన్ని భయపడేవాడి వైపు నుంచే రాసింది, కానీ తప్పెవరిదో పాఠకుడికి తెలిసేటట్టు రాసింది. ఆ పని తర్వాతివాళ్లలో చాలామందికి చేతకాలేదని నేననుకుంటాను.

ఇప్పుడు మీ కెప్టెన్‌కు దగ్గరి చుట్టం ఒకామెను చూద్దాం: ఐజాక్ అసిమోవ్ రోబో కథల్లోని డాక్టర్ సూసన్ కాల్విన్. ఆ కాలపు పత్రికల్లో అమ్మాయిలు ఎక్కువగా శాస్త్రవేత్త కూతుళ్లుగానో, వింతజీవుల చేతిలో చిక్కి కేకలు పెట్టేవాళ్లుగానో కనిపించేవారు. రోబోల మనస్తత్వం చదివే శాస్త్రవేత్తగా ఒక స్త్రీని నిలబెట్టడం అప్పటికి చిన్న విషయం కాదు. 1947లో వచ్చిన 'లిటిల్ లాస్ట్ రోబో'లో, అచ్చం ఒకేలా ఉన్న 63 రోబోల్లో దాక్కున్న ఒక్కదాన్ని పట్టుకునే పరీక్ష పన్నేది ఆమే. కానీ అంతకుముందు 1941 నాటి 'లయర్!' కథ చదవండి. హెర్బీ అనే రోబోకు మనుషుల మనసులో మాట తెలిసిపోతుంది. సూసన్‌కు బాధ కలిగించకూడదు కాబట్టి, ఆమెకిష్టమైన సహోద్యోగి ఆమెను ప్రేమిస్తున్నాడని అబద్ధం చెబుతుంది. ఆమె నమ్మి, ఎన్నడూ లేనిది ముఖానికి రంగులు వేసుకోవడం మొదలుపెడుతుంది. తోటివాళ్లు గమనించి చెప్పుకుంటారు. నిజం తెలిశాక, ఏ జవాబిచ్చినా ఎవరినో ఒకరిని బాధపెట్టక తప్పని చిక్కుప్రశ్న వేసి, ఆ రోబో మతి చలించేదాకా వదలదు.

ఈ కథ నాకు ఇష్టం. చదివిన ప్రతిసారీ బాధ కూడా కలుగుతుంది. మేధావి అయిన స్త్రీని అసిమోవ్ ఊహించగలిగాడు. ఆ మేధస్సుకు మూల్యంగా ఒంటరితనాన్నీ ఎండిపోయిన మనసునూ ఆమె చేత కట్టించకుండా మాత్రం ఊహించలేకపోయాడు. అవే కథల్లో మగ ఇంజినీర్లు హాయిగా జోకులేసుకుంటారు, పోట్లాడుకుంటారు, పెళ్లిళ్లు చేసుకుంటారు, వాళ్లనెవరూ ఆ మూల్యం అడగరు. మీరు పంపిన సారాంశంలో కెప్టెన్ నవ్వదు, ఆమెకు స్నేహితులు లేరు, భూమ్మీద తనవాళ్లు లేరు అని ఉంది. ఇదంతా ఆమె స్వభావమా, లేక అధికారం ఇచ్చినందుకు మీకు తెలియకుండానే వసూలు చేస్తున్న సుంకమా? మీ స్నేహితురాలికి అడ్డుతగిలింది ఇక్కడేనేమో చూసుకోండి. అమెరికన్ రచయిత్రి జోవాన్నా రస్ 1970లో రాసిన ఒక వ్యాసంలో, సైన్స్ ఫిక్షన్‌లో స్త్రీల బొమ్మలు బోలెడున్నాయి, స్త్రీలే దాదాపు లేరు అని తేల్చేసింది.

లోపం పాత్రలో కాకుండా లోకాన్ని కట్టిన తీరులో ఉండటం గురించి చెప్పాలంటే టామ్ గాడ్విన్ 1954 కథ 'ది కోల్డ్ ఈక్వేషన్స్' కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. జబ్బుపడ్డ ఆరుగురికి మందు తీసుకెళ్తున్న చిన్న నౌకలో ఎవరో దాక్కున్నారని పైలట్‌కు తెలుస్తుంది. ఇంధనం ఒక్కడికే సరిపడా ఉంది, దాక్కున్నవాళ్లను అంతరిక్షంలోకి తోసేయాలన్నది చట్టం. తలుపు తెరిస్తే తెల్ల చెప్పులేసుకున్న పద్దెనిమిదేళ్ల అమ్మాయి. చాలా కాలంగా చూడని అన్నను చూద్దామని ఎక్కింది. దొరికితే జరిమానా వేస్తారులే అనుకుంది. కథ చివర ఆమె అన్నతో రేడియోలో మాట్లాడి, తనంతట తానే నడిచి వెళ్లి గాలితలుపు గదిలో నిలబడుతుంది. రచయిత ఆమెను ఎలాగోలా బతికించాలని చూస్తుంటే, సంపాదకుడు జాన్ కాంప్‌బెల్ ఒప్పుకోక కథను తిప్పి పంపుతూ వచ్చాడు.

చదివినవాళ్లకు కన్నీళ్లాగవు. కానీ కన్నీళ్లు తుడుచుకుని ఆ నౌకను ఒకసారి పరిశీలించండి. అదనంగా ఒక్కరు ఎక్కితే కూలిపోయేంత బిగువుగా ఇంధనం పోసినవాళ్లు, ఆ నౌక తలుపుకు తాళం వేయలేదు. బయల్దేరే ముందు లోపల ఎవరైనా ఉన్నారా అని చూడలేదు. ఒక బోర్డు పెట్టి ఊరుకున్నారు. ప్రకృతి నియమం అని కథ చెప్పేది నిజానికి మనుషుల అజాగ్రత్త. దాక్కున్నది మగవాడైతే పైలట్ ఆలోచించకుండా తోసేసేవాడని కథే చెబుతుంది. అంటే ఆ కథకు అమ్మాయి కావలసింది మన గుండె పిండటానికి. ఆమె చావు పైలట్‌కూ మనకూ ఒక అనుభవం. ఆమె చేయగలిగిన పనేదీ రచయిత ఆ నౌకలో ఉంచలేదు.

దీనికి పూర్తిగా అటువైపున్న కథ మనకు చాలా దగ్గరలో అచ్చయింది. బెంగాల్‌కు చెందిన రుకయా సఖావత్ హుస్సేన్ ఇంగ్లిష్‌లో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో వచ్చింది. ఆ పత్రిక నడిపిన కమలా సత్యనాథన్ తెలుగు కుటుంబంలో పుట్టినావిడ. ఈ సంగతి తెలుగు పాఠకుల్లో ఎక్కువమందికి తెలియకపోవడం నాకు నిజంగా బాధ. కథలో ఆడవాళ్లు దేశాన్ని నడుపుతుంటారు, మగవాళ్లు పరదా చాటున జనానా లాంటి మర్దానాలో ఉంటారు. రెండు మహిళా విశ్వవిద్యాలయాల్లో ఒకటి మేఘాల నుంచి నీళ్లు పట్టే బెలూన్ కనిపెడుతుంది, ఇంకొకటి ఎండ వేడిని నిల్వచేసే పద్ధతి కనిపెడుతుంది. శత్రువు దండెత్తి వస్తే ఆ ఎండవేడినే వాళ్ల మీదికి తిప్పి తరిమేస్తారు.

యుద్ధం సంగతి అందరూ చెప్పుకుంటారు. నేను మాత్రం మీకు వంటిల్లు చూపిస్తాను. అతిథిగా వచ్చిన కథకురాలిని వంటింటికి తీసుకెళ్తారు. అది కూరగాయల తోట మధ్యలో ఉంది. పొగ లేదు, పొగగొట్టం లేదు, బొగ్గు జాడ లేదు. ఎలా వండుతారంటే, ఎండ వేడితో అంటారు. 1905లో ఎగిరే బండ్లు ఊహించినవాళ్లు చాలామంది ఉన్నారు. పొయ్యి ముందు పొగలో దగ్గేవాళ్ల బాధను శాస్త్రం తీర్చాల్సిన సమస్యగా చూసినవాళ్లు ఎందరు? లోకాన్ని ఆమె నిలబడ్డ చోటు నుంచి చూసి కట్టడం అని నేను మొదట్లో అన్నది దీన్నే. ఇంకో ముచ్చట కూడా ఉంది అందులో. అక్కడి ఆడవాళ్లు ఆఫీసు పని రోజుకు రెండు గంటల్లో ముగిస్తారు. మగవాళ్లకు అంతసేపు ఎందుకు పడుతుందంటే, చుట్టకు అరగంట చొప్పున రోజుకు పన్నెండు చుట్టలు కాలుస్తారట, ఆరు గంటలు అక్కడే పోతాయి.

అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆ పేరుతో రాసింది ఆలిస్ షెల్డన్ అనే స్త్రీ. 1977లో బయటపడింది. అంతకు రెండేళ్ల ముందే సాటి రచయిత రాబర్ట్ సిల్వర్‌బర్గ్, టిప్‌ట్రీ రచనలో కాదనలేని మగతనం ఉందని ఆ కథల సంపుటికి రాసిన ముందుమాటలో అన్నాడు. ఈ కబురు అందరూ చెబుతారు, కథ మాత్రం తక్కువమంది చదువుతారు. 1973లో వచ్చిన 'ది విమెన్ మెన్ డోంట్ సీ' మీకు అన్నిటికంటే ఎక్కువగా పనికొస్తుంది. కథ చెప్పేవాడు డాన్ ఫెంటన్ అనే మగవాడు. మెక్సికోలో విమానంలో వెళ్తూ, టాయిలెట్ నుంచి బయటికొచ్చి, తల్లీకూతుళ్లయిన ఇద్దరు ఆడవాళ్ల సీటు మీదికి తూలతాడు. అతని కంటికి వాళ్లు రెండు ఆడ ఆకారాల మసక మరక, అంతే. తర్వాత వాళ్లతో కలిసి ఎక్కిన చిన్న విమానం కూలి, ఆ తల్లితో మడ అడవిలో గడపాల్సి వస్తుంది. ఆమె భయపడుతోందని, తన మీద మనసు పడిందని, తాను కాపాడాలని, ఇలా ఏవేవో అనుకుంటూ ఉంటాడు. గ్రహాంతరవాసులు వస్తారు. అతను తుపాకీ తీస్తాడు. ఆమె మాత్రం, మమ్మల్ని మీతో తీసుకెళ్లండి అని వాళ్లను అడుగుతుంది, కూతురితో కలిసి వెళ్లిపోతుంది. పరాయి జీవులతో ఎలా బతుకుతావని అతను గింజుకుంటే, పరాయివాళ్లు నాకు అలవాటే అంటుంది. మీ లోకం యంత్రంలోని సందుల్లో ఒకరిద్దరుగా బతుకుతున్నవాళ్లం మేము అన్న అర్థం వచ్చే మాట ఆమె అంతకుముందే అని ఉంటుంది.

చూడండి, ఆ తల్లి రూత్ పార్సన్స్ ఒక సాధారణ ప్రభుత్వ ఉద్యోగిని. పోరాటాలు తెలియవు. కథ మొత్తం మగవాడి గొంతులోనే నడుస్తుంది. అయినా ఆ కథలో అసలు నిర్ణయం ఒక్కటే ఉంది, అది ఆమెదే. ఆమె ఎందుకలా చేసిందో అతనికి చివరిదాకా అర్థం కాదు, మనకు అర్థమవుతుంది. మగవాడి గొంతుతో ఆడపాత్రను రాయలేమని అనేవాళ్లకు నేను ఈ కథే చూపిస్తాను: మగ కంటితో చెబుతూనే ఆ కంటికి ఏం కనబడటం లేదో పాఠకుడికి చూపించవచ్చు. ఆ దారి మీకూ అందుబాటులో ఉంది.

ఇక మీ స్నేహితురాలి మాటకు నేరుగా జవాబిచ్చే పాత్ర, 1979 'ఏలియన్' సినిమాలో రిప్లీ. మగ పాత్రకు ఆడపేరు పెట్టడం అక్కడ దాదాపు అక్షరాలా జరిగింది. స్క్రిప్టులోనే, ఈ నౌక సిబ్బంది పాత్రలన్నీ ఆడా మగా ఎవరైనా వేయవచ్చని రాసి ఉంది. మరి ఆ పాత్ర ఎందుకు నిలిచింది? ఆమె చివర్లో ఆయుధం పట్టినందుకు అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అంతకు చాలా ముందే నిలబడింది. ముఖానికి వింతజీవి అంటుకున్న సహచరుడిని మోసుకొచ్చి తలుపు తెరవమంటారు. కెప్టెన్ బయట ఉన్నాడు, లోపల బాధ్యత రిప్లీది. ఇరవై నాలుగు గంటలు లోపలికి రానివ్వకూడదన్నది నియమం, తెరవను అంటుంది. కెప్టెన్ ఆజ్ఞాపించినా తెరవదు. ఆమెను కాదని ఇంకొకడు తలుపు తీస్తాడు, మిగతా చావులన్నీ అక్కడి నుంచే. తప్పా ఒప్పా అని ప్రేక్షకుడు కొట్టుకునే కష్టమైన నిర్ణయాన్ని ఆమెకిచ్చారు. పాత్ర అక్కడ పుట్టింది. అదే సినిమా ఆఖర్లో ఆమెను లోదుస్తుల్లో నిలబెట్టి కెమెరా తీరిగ్గా చూడటం నాకు నచ్చలేదు. అప్పటిదాకా లేని చూపు అది. 1985లో ఆలిసన్ బెక్‌డెల్ ఒక కార్టూన్‌లో పెట్టిన ప్రఖ్యాత నియమం తెలుసు కదా, సినిమాలో ఇద్దరు ఆడవాళ్లుండాలి, వాళ్లిద్దరూ మాట్లాడుకోవాలి, అదీ మగవాడి గురించి కాకూడదు. ఆ కార్టూన్‌లో అమ్మాయి ఆ నియమం ప్రకారం తాను చూడగలిగిన చివరి సినిమా ఇదేనంటుంది, ఇద్దరు ఆడవాళ్లు ఆ వింతజీవి గురించి మాట్లాడుకుంటారు కాబట్టి.

కాలప్రయాణం గురించి ఒక్క మాట. అమెరికన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ నవల 'కిండ్రెడ్' 1979లో వచ్చింది. 1976 కాలిఫోర్నియాలో బతుకుతున్న డేనా అనే నల్లజాతి రచయిత్రి ఉన్నట్టుండి బానిసత్వ కాలపు మేరీలాండ్‌లోకి లాగబడుతుంది. మళ్లీ ఎప్పుడు లాగేస్తుందో తెలియక కత్తి, మందులు, బట్టలు ఉన్న సంచిని ఒంటికి కట్టుకుని ఇంట్లో తిరుగుతుంది. ఒకసారి ఆమె తెల్లజాతి భర్త కూడా వెంట వెళ్లి, ఈ కాలంలో బతకడం బావుండేదేమో అంటాడు. ఒకే సోఫా మీద కూర్చున్న ఇద్దరికి గతం ఒకటి కాదని ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

మన సినిమాల దగ్గరికి వస్తే, 2010లో తెలుగులోనూ ఆడిన 'రోబో'లో కథానాయిక సన కోసం మనిషీ యంత్రమూ కొట్టుకుంటారు. ఆమె ఏమనుకుంటోందన్నది కథకు పెద్దగా అక్కరలేదు. 2024 'కల్కి 2898 ఏడీ'లో దీపికా పదుకొణె పాత్రకు పేరు బదులు నంబరు ఉంటుంది, గర్భం ప్రయోగశాలకు ముడిసరుకు. ఆడవాళ్ల శరీరాన్ని గని తవ్వినట్టు తవ్వుకునే నగరం అన్నది గొప్ప ఊహ. ఆ ఊహ కట్టినవాళ్లను మెచ్చుకుంటాను. కానీ ఆమె తప్పించుకున్నాక కథ క్రమంగా ఆమెను ఎవరు కాపాడతారు, ఎవరు పట్టుకుంటారు అన్న పోరుగా మారిపోతుంది. ఆమె లోపల ఏం జరుగుతోందో ఇంకా ఎక్కువ వినాలనిపించింది నాకు.

ఇప్పుడు మీ నవల. సారాంశంలో కథను మలుపు తిప్పే చోట్లు గుర్తుపెట్టుకుంటూ చదివాను. ప్రయాణం కొనసాగించాలని భూమి నుంచి కేంద్రం నిర్ణయిస్తుంది. ఆక్సిజన్ లీకేజీకి ఉపాయం కనిపెట్టేది ఇంజినీరు. తిరుగుబాటు చేసేది డాక్టరు. కెప్టెన్ వీటన్నిటినీ ధైర్యంగా అమలు చేస్తుంది. మీరు ఆమెకు హోదా ఇచ్చారు, నిర్ణయాలు మాత్రం పంచిపెట్టేశారు. వీటిలో కనీసం ఒకటి ఆమెదై ఉండాలి, అది ఆమెకు ఏదో ఒక నష్టం తెచ్చేదై ఉండాలి, సాటి సిబ్బందిలో కొందరు దాన్ని తప్పనాలి.

రెండోది నౌక. స్పేస్ సూట్ల గురించి ఒక పేజీ రాశారు, బావుంది. అవి ఎవరి కొలతలకు కుట్టారు? 2019 మార్చిలో ఇద్దరు స్త్రీలు కలిసి అంతరిక్ష నడకకు వెళ్లాల్సి ఉంటే, ఇద్దరికీ సరిపోయే మీడియం సైజు పైభాగం ఒక్కటే సిద్ధంగా ఉండటంతో బృందాన్ని మార్చారు. ఆ నడక చివరికి అక్టోబరులో జరిగింది. 1983లో అమెరికా తొలి మహిళా వ్యోమగామి శాలీ రైడ్ వారం రోజుల ప్రయాణానికి బయల్దేరేముందు, నెలసరికి వాడే టాంపాన్లు 100 సరిపోతాయా అని ఇంజినీర్లు అడిగారు. నిజంగా జరిగినవే ఇలా ఉంటే మీ ఊహానౌకలో ఎన్ని ఉండాలి! వీటిని పేజీలకొద్దీ రాయక్కర్లేదు, ఒక్క చోట బిగువైన భుజం పట్టీ సర్దుకుంటే చాలు. అర్సులా లెగ్విన్ 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్'లో ఆడా మగా భేదమే లేని మనుషుల్ని సృష్టించి కూడా, తర్వాత తన పుస్తకాన్ని తానే తిరిగి చదివి, అందులోని ముఖ్యపాత్ర ఎస్ట్రావెన్‌ను ప్రధానమంత్రిగా, పారిపోయినవాడిగా, బండి లాగేవాడిగా చూపించాను తప్ప తల్లిగా చూపించలేదని రాసింది. అంతటి రచయిత్రికే ఇల్లూ పిల్లలూ ఊహ అంచుకు జారిపోయాయి.

మీ నౌకలో కూడా అది జరిగింది. నాలుగో అధ్యాయంలో ఒకే ఒక్క వాక్యంలో, కృత్రిమ గర్భాశయాల గదిలో తర్వాతి తరం పెరుగుతోందని రాసి ముందుకు వెళ్లిపోయారు. ఎన్ని పిండాలు, ఎవరివి, గదిని రాత్రిపూట ఎవరు చూస్తారు, ఆక్సిజన్ తగ్గినప్పుడు ముందు ఏ గదికి ఆపేస్తారు? ఈ చివరి ప్రశ్నకు జవాబు మీ కెప్టెన్ చెప్పాలి, ఇంకెవరూ చెప్పకూడదు. లీకేజీ అధ్యాయాన్ని ఇంజినీరు గదిలో కాకుండా ఈ గదిలో నడిపి చూడండి. ఆమె పిల్లల మీద ప్రేమతో కరిగిపోవాల్సిన పని లేదు, రాయిలా ఉండాల్సిన పనీ లేదు. లెక్క వేయనివ్వండి, ఆ లెక్క తప్పు కావచ్చు కూడా.

చదవడానికైతే ముందు టిప్‌ట్రీ కథ, ఆ వెంటనే 'ది కోల్డ్ ఈక్వేషన్స్'. రెండూ ఒక సాయంత్రంలో అయిపోతాయి. 'సుల్తానాస్ డ్రీమ్' ఇంకా చిన్నది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 'కిండ్రెడ్' నవలను మీ మొదటి ప్రతి పూర్తయ్యాక మొదలుపెట్టండి, మధ్యలో చదివితే దాని గొంతు మీ వాక్యాల్లోకి వచ్చేస్తుంది. లీకేజీ అధ్యాయం తిరగరాశాక పంపండి, మీ స్నేహితురాలు ఈసారి ఏమందో కూడా రాయండి.